ముఖం సరిపోలలేదు

మనిషికి జబ్బు రాబోతోందని ముందే కనిపెట్టడంలో గ్రామీణ ముందస్తు లక్షణాల విభాగాన్ని మించిన శాఖ ఈ దేశంలో లేదు. గుండెపోటైనా, షుగరైనా, పక్షవాతమైనా ప్రజల దగ్గరికి రావాలంటే ముందు ఆ విభాగం పోస్టరు మీదికి ఎక్కాల్సిందే. పెనుబల్లి చుట్టుపక్కల తండాలకు ఆ పోస్టర్లు చేరవేసే పని జూనియర్ అసిస్టెంట్ మంగీలాల్‌ది.

ఆ సోమవారం పక్షవాత అవగాహన వారోత్సవాలు మొదలయ్యాయి. పొద్దున ఇంట్లో తాగుతున్న చాయ్, మంగీలాల్ మూతి ఎడమ మూల నుంచి చొక్కా మీదికి కారింది. మిరప కల్లానికి బయల్దేరుతున్న భార్య మంగమ్మ ఆగి చూసింది. మూతి ఓ పక్కకు దిగినట్టుంది, దవాఖానాకు పోదాం పదమంది. వారోత్సవాల మొదటి రోజే సెలవు పెడితే బాగుండదని మంగీలాల్ చొక్కా మార్చుకుని వెళ్లిపోయాడు. (ఆ విభాగంలో జీతం ఇచ్చేది జబ్బు గురించి చెప్పడానికి, జబ్బు పడటానికి కాదు.)

ఆఫీసులో హాజరు ముఖంతోనే వేయాలి. ఫోను ముందు నిలబడితే యాప్ ముఖం చూసి మనిషిని ఒప్పుకుంటుంది. ఆ రోజు మంగీలాల్‌ను ఒప్పుకోలేదు. ముఖం సరిపోలలేదంది. కళ్లజోడు తీశాడు, ముఖం కడుక్కొచ్చాడు. అదే మాట. ఆపరేటర్ జ్యోత్స్న ముందు సర్వర్‌ను అనుమానించింది. తర్వాత చున్నీతో కెమెరా తుడిచి, అతణ్ణి కిటికీ వెలుతురులో నిలబెట్టింది.

"అన్నా, జర నవ్వు. రిజిస్ట్రేషన్ నాడు నవ్వుకుంటనే ఫొటో దిగినవ్ గద."

మంగీలాల్ నవ్వాడు. కుడి పక్క మాత్రమే నవ్వింది.

అప్పుడు సూపరింటెండెంట్ సుబ్బరత్నం మేడం బయటికి వచ్చింది. ముఖం జారినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయరాదన్న పోస్టరు వాక్యం ఆమె రాసిందే. ముఖం సరిపోలని ఉద్యోగి విధుల్లో లేనట్టేనని ఆమె నెమ్మదిగా వివరించింది. అయితే విధుల్లో లేకుండానే హాలు గోడలకు పోస్టర్లు అంటించవచ్చని వెసులుబాటు కల్పించింది.

మంగీలాల్ పోస్టర్ల కట్ట ఎత్తాడు. ఎడమ చేతిలోంచి జారిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ జారింది. చేతికి జిగురు అంటిందేమోనంది మేడం. ఊరూరా తాను చదివి వినిపించిన మాటలు అతనికి అప్పుడు గుర్తుకొచ్చాయి. ఇది నాకే వచ్చిందని చెప్పబోయాడు. నాలుక తిరగలేదు, ఏవో ముద్ద మాటలు వచ్చాయి. పొద్దున్నే తాగొచ్చాడా అని వెనక ఎవరో గొణిగారు. (తాగుడు లక్షణాల వారోత్సవాలు డిసెంబరులో.)

కల్లంలో చెయ్యి ఆడక మంగమ్మ ఆఫీసుకే వచ్చేసింది. గుమ్మంలోంచే భర్తను చూసింది.

"ఏందమ్మా, మూతి వంకర పోయిన మనిషితోని పోస్టర్లు అంటిపిస్తున్నరా?"

పక్షవాతం లక్షణాల మీద కాసేపట్లో ప్రసంగం ఉందని, కూర్చుని వింటే ఆమెకూ ఉపయోగమని మేడం సూచించింది. మంగమ్మ కూర్చోలేదు. భర్త చంకలో చెయ్యి వేసి లేపి, రోడ్డు మీద కారు కిరాయికి మాట్లాడుకుంది. జ్యోత్స్న కారు దాకా సాయం పట్టి, ఫోను ముఖం గుర్తుపట్టకపోయిన సంగతి చెప్పి ఏడ్చేసింది.

ఖమ్మంలో డాక్టరు స్కాన్ చూసి, ఇంకాస్త ఆలస్యమైతే మాట తిరిగొచ్చేది కాదన్నాడు. ముందుగా ఎవరు కనిపెట్టారని అడిగాడు.

"పొద్దున నేను చూసిన సారు. ఆఫీసుల ఫోను చూసిందంట. ఇంకెవలకు కనపడలే," అంది మంగమ్మ.

మంగీలాల్‌కు మాట తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది కాని వణుకుతుంది. కొన్ని నెలల తర్వాత ఆఫీసుకు వెళ్లి, డ్యూటీలో ఉండగా జబ్బు పడ్డానని, వైద్య ఖర్చులు ఇప్పించమని అడిగాడు. సుబ్బరత్నం మేడం రికార్డు తెరిచింది. ఆ రోజు అతను గైర్హాజరు. ఆఫీసుకు రాని మనిషికి ఆఫీసులో పక్షవాతం ఎట్లా వస్తుందో ఆమె నిజంగానే తెలుసుకోగోరింది.

"మీ ముంగటనే గద మేడం వచ్చింది. మీరు చూసిన్రు," అన్నాడు మంగీలాల్, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

చూశానని ఆమె ఒప్పుకుంది. కాని తాను చూసిన ఆ ముఖం అతనిదేనని నేటికీ ధ్రువీకరణ కాలేదని గుర్తుచేసింది.

ఏడాది చివర విభాగం నివేదిక పైఅధికారులకు వెళ్లింది. వారోత్సవాల కాలంలో ఆఫీసు సిబ్బందిలో ఒక్క పక్షవాతం కేసు కూడా నమోదు కాలేదని, ఇది పూర్తిగా అవగాహన ఫలితమేనని అందులో రాశారు.