పనసచెక్క గిటారు

ఒక పెద్ద అడవిలో సంగీత సభవారికి ఒక గిటారు కావలసి వచ్చింది. పోటీకి రెండే వచ్చాయి. ఒకటి నక్క జంబన్న పట్నం నుంచి తెప్పించినది. పైన నిగనిగలాడే వార్నిషు, లోపల బంగారు రంగు లేబులు. ఇంకోటి వడ్రంగిపిట్ట మంగతాయి చేసినది. కూలిపోయిన పనసచెట్టు చెక్కను ఏడాదిపాటు ముక్కుతో చెక్కి చెక్కి తయారుచేసింది.

గెలిస్తే మంగతాయికి సభలో వాయిద్యాలు చేసే పని దొరుకుతుంది. ఓడిన గిటారును మాత్రం పనికిరాని సామాను కింద రాసి వంటశాల పొయ్యిలో పెట్టాలని సభ నియమం. ఆ నియమం రాసిన పెద్దలు జన్మలో ఒక్క పుల్ల కూడా చెక్కి ఎరగరు.

వాయించడానికి కొండముచ్చు గవరయ్యను పిలిచారు. ముందురోజు అతను రెండింటినీ ఒళ్లో పెట్టుకుని చూశాడు.

"పట్నందాని తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయమ్మా, నొక్కితే వేళ్లు తెగుతున్నాయి. మోత కూడా పైపైనే. మీటగానే ఆరిపోతోంది. నీది కడుపుకి ఒద్దికగా ఆనుకుంటోంది. తీగ వదిలేశాక కూడా గుండెల్లో మోగుతూనే ఉంది."

"ఆ మాటే కమిటీవాళ్లకి చెప్పు బాబాయ్," అంది మంగతాయి.

"నన్ను వాయించమన్నారు గాని, చెప్పమన్లేదే."

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు నెమలి పింఛాలరావు. అతని గొంతు విన్నవాళ్లెవరూ సంగీత సభ అప్పజెప్పరు, తోక చూసి అప్పజెప్పారు. సభ్యులు ఎలుగుబంటీ, అడవిపందీ. జంబన్న ముగ్గురిళ్లకీ తేనెపట్లు పంపి, "రెండోసారి వాయించేది మనది," అని చెవిలో వేశాడు.

పక్షపాతం ఉండకూడదని అడ్డంగా తెర కట్టారు. గవరయ్య మొదట పనస గిటారు వాయించాడు. దాన్ని దించి పట్నందాన్ని ఒళ్లోకి తీసుకుంటుండగా అధ్యక్షులవారు వేంచేశారు. అధ్యక్షుడు రాకముందు జరిగినదేదీ జరిగినట్టు కాదు, అది సభ ఆనవాయితీ.

"మొదటినుంచీ కానివ్వండి," అన్నాడు నెమలి ఈకలు సర్దుకుంటూ.

గవరయ్య చేతిలో ఉన్నదాంతోనే మొదలుపెట్టాడు. ఆ విధంగా పట్నంది మొదటిదైంది, పనసది రెండోదైంది. కొమ్మ మీద మంగతాయికి మొదటి మోతకే సంగతి తెలిసిపోయింది. జంబన్నకు తెలియలేదు. తాను తెప్పించినదాన్ని అతను ఏనాడైనా వింటేగా.

మొదటిది అవగానే ఎలుగుబంటి మూతి ముడిచింది. "పనసచెక్కేనండీ. పచ్చివాసన ఇక్కడిదాకా కొడుతోంది."

"మోటుపని," అంది పంది.

రెండోది మోగగానే ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. "ఎంతైనా పట్నం పనితనం వేరు," అన్నాడు నెమలి. రెండోదే గెలిచిందని రాసి సంతకాలు పెట్టేశారు.

తెర తీశారు. గవరయ్య ఒళ్లో పనస గిటారు ఉంది.

మంగతాయికి ఆనందంతో కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు.

"సంతకాలయ్యాక తీర్పు మార్చకూడదు," అన్నాడు నెమలి. "మనం పొరపడ్డామని రాసుకోనూ కూడదు."

ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. ఎలుగుబంటి గోటితో బంగారు లేబులు ఊడదీసి పనస గిటారులో అతికించింది. లేబులు లేనిది మంగతాయిదని తేల్చి పొయ్యికి పంపించారు.

జంబన్న లబోదిబోమన్నాడు. "అయ్యా, కాలుతున్నది నాదండీ. ఊరికే చూపించి తిరిగి ఇచ్చేస్తానని పట్నం కొట్టువాడికి మాటిచ్చి తెప్పించాను."

"నీది గెలిచింది కదయ్యా, సంతోషించక ఏమిటా ఏడుపు?" అన్నాడు నెమలి. వార్నిషు పుణ్యమా అని ఆ పూట పులుసు తొందరగా ఉడికింది.

వాయిద్యాల పని మంగతాయికి ఇవ్వలేదు. ఓడినవాళ్లకి ఎలా ఇస్తారు? ఆమె మాత్రం రోజూ సభకు వచ్చి, తన గిటారు మోగుతుంటే వింటూ కూర్చునేది. ఒకనాడు నెమలి ఆమెను చూసి జాలిపడ్డాడు.

"ఇలాగే వచ్చి శ్రద్ధగా వింటూ ఉండమ్మా. ఎప్పటికైనా నీకూ ఇలాంటిది చేయడం వస్తుంది."

నీతి: పనివాడు ముందు లేబులు తయారుచేసుకోవాలి, తీరిక దొరికితే గిటారు కూడా చేసుకోవచ్చు.