అయోవా నుంచి వచ్చిన ఆప్తులు

ఆ ఉదయం డువేన్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోటెల్లో ఫలహారం చేయాలి, పెట్రోలు పోయించుకోవాలి, పొద్దుగూకేలోగా నెబ్రాస్కా దాటి వయోమింగ్‌లో అడుగుపెట్టాలి. దారిలో భార్యను ఒక్కసారి కూడా "ష్" అనకూడదు. ఈ ఆఖరిది మాత్రం అతని పథకం కాదు. లోర్నాది.

"సిరప్ పోసుకోవడం ఆపి కాస్త విను," అంది ఆవిడ కాఫీ కప్పు పక్కకు జరిపి. "నిన్న ఇంటి దగ్గర బయల్దేరినప్పట్నుంచీ నేను నోరు తెరిస్తే చాలు, ష్! మా అక్క మోకాలి ఆపరేషన్ సంగతి ఎత్తితే ష్. అదుగో లేళ్ళు అంటే ష్."

"బండిలో ఏదో గలగలమంటోంది లోర్నా. ఎక్కడో అంతు చిక్కట్లేదు."

"నాలోనూ ఏదో గలగలమంటోంది, నలభై ఏళ్ళుగా. ఇంకొక్క ష్ అన్నావంటే దారిలో నార్త్ ప్లాట్‌లో దిగి, బస్సెక్కి అక్క దగ్గరికి పోతాను. నువ్వూ, నీ బండీ కలిసి సముద్రం చూసి రండి."

లోర్నా ఉత్తుత్తి బెదిరింపుల మనిషి కాదు. ఒకసారి చర్చి పాటల బృందం మానేస్తానంది. మానేసింది. డువేన్ తలవంచుకుని అట్టు తిన్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఇప్పుడు తోలుతున్న కారు లాంటి నీలం పాంటియాక్‌లోనే ఇద్దరూ సముద్రానికి బయల్దేరారు. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య పుట్టి పెరిగిన లోర్నా అంతవరకూ సముద్రం చూడలేదు. సగం దారిలో ఉండగా డువేన్ తండ్రికి పక్షవాతం వచ్చిందని కబురు. వెనక్కి తిరిగారు. తరవాత పొలం, తరవాత కవలలు. ఇద్దరు పసివాళ్ళకు రెండు తలుపుల బండి కుదరదని అమ్మేశారు. ఆనాటి నుంచి వీధిలో అలాంటి ఇంజను చప్పుడు వినబడితే డువేన్ భోజనం బల్ల దగ్గర్నుంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. వెనక్కి వచ్చి కూర్చునేసరికి లోర్నా అతని మొహంలోకే చూస్తూ ఉండేది. ఏం చూస్తున్నావని అతనెప్పుడూ అడగలేదు.

పొలం కౌలుకిచ్చాక మళ్ళీ అలాంటి బండే దొరికింది. సముద్రం ఎటూ ఎక్కడికీ పోలేదు.

బండి వేగం అందుకోగానే చప్పుడు మొదలైంది. గల్... గలగల్... డువేన్ నోట్లో "ష్" పుట్టింది. దాన్ని దగ్గుగా మార్చేశాడు.

"జలుబు చేసిందా?" అంది లోర్నా.

"లేదు లేదు. ఏమన్నావు, మోకాలూ..."

ఒక చెవి మోకాలికి ఇచ్చి, రెండో చెవితో ఆ చప్పుడు దొంగను వెతకసాగాడు. హీటరు మీట తిప్పాడు. ఎండలో వైపర్లు ఆడించాడు. పట్టపగలు ముందు దీపాలు వేశాడు. వైపర్లు ఆపడం గుర్తుంది గానీ దీపాలు మరిచిపోయాడు.

నాలుగు రోడ్ల కూడలిలో షెరీఫు మనిషి వాహనాలన్నిటినీ ఆపి నిలబడ్డాడు. దీపాలు వేసుకుని వస్తున్న నీలం పాంటియాక్‌ను చూడగానే టోపీ సర్దుకుని, ఎంతో మర్యాదగా చెయ్యి ఊపి ఎడమవైపు దారి ఇచ్చాడు. అక్కడ పాతకాలపు బండ్లు బారులు తీరి మెల్లగా కదులుతున్నాయి. ఎర్రవీ, పచ్చవీ, అద్దంలా తుడిచినవీ.

"పాత బండ్ల పండగ లోర్నా! మనల్నీ రమ్మంటున్నారు!"

"డువేన్, అందరూ దీపాలెందుకు వేసుకున్నారు?"

"అందంగా ఉంటుందని."

చేనుగట్టున ఒక రైతు ట్రాక్టరు ఆపి కిందికి దిగాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. డువేన్‌కు కళ్ళు చెమర్చాయి.

"చూశావా? బండి అంటే గౌరవం ఉన్న ఊరు!" అంటూ రెండుసార్లు హారను కొట్టాడు. ముందు బండివాడు ఉలిక్కిపడి వెనక్కి చూసి, ఒక్క క్షణం ఆలోచించి, తనూ కొట్టాడు. అతని ముందువాడూ కొట్టాడు. అలా హారను మోత పాకుతూ పాకుతూ వరస మొదటికి చేరింది. అక్కడ మలుపు తిరుగుతున్న పొడుగాటి నల్ల బండి అప్పుడు కనిపించింది ఇద్దరికీ. దాని అద్దాల్లోంచి పువ్వులు కనిపించాయి. పట్టపగలు దీపాలు వేసుకుని బారులు తీరేది శవం వెనకాలేనని అప్పుడు గుర్తొచ్చింది.

"డువేన్," అంది లోర్నా నెమ్మదిగా, "నువ్వు శవయాత్రలో హారను కొట్టావు."

పక్కకు తప్పుకుందామంటే వెనక బండ్లు, ప్రతి మలుపులోనూ పోలీసు. కుడితిలో పడ్డ ఎలుకలా డువేన్ శ్మశానం దాకా వెళ్ళాడు.

బండి ఆగగానే తెల్లమీసాల ముసలాయన ఒకడు వచ్చాడు. పాత బండ్ల సంఘానికి పెద్ద, పేరు మెర్ల్. "ఆ హారను ఆలోచన నీదేనా? నలభై మందిమి ఉన్నాం, ఒక్కడికీ తట్టలేదయ్యా! ఎవరెట్ వినుంటే పొంగిపోయేవాడు," అంటూ కిటికీలోంచి లోపలికి వంగి చూశాడు. అక్కడ క్లచ్చి పెడలు లేదు, ఆటోమేటిక్ గేరు బండి. మెర్ల్ మొహం కొంచెం వాడింది. మర్యాదస్థుడు గనుక ఏమీ అనకుండా బండి కప్పు మీద తట్టాడు.

నల్లబట్టల్లో ఉన్న చిన్నపాటి ముసలావిడ నంబరు పలక చూసి దగ్గరికొచ్చింది. పోయిన ఎవరెట్ భార్య జెనీవా. "అయోవా నుంచా? మా ఆయన కోసం అంత దూరం నుంచి వచ్చారా?"

కాదంటే ఆవిడ మొహం ఏమవుతుందో డువేన్‌కు కనిపించింది. "అయోవా నుంచేనమ్మా," అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆవిడ అతని చేయి పట్టుకుంది, వదల్లేదు.

ప్రార్థన అయ్యాక ఆ సంఘంవాళ్ళ ఆనవాయితీ ఒకటుంది. పోయినవాడికి వీడ్కోలుగా అందరూ ఒక్కసారి ఇంజన్లు హోరెత్తించాలి. డువేన్ కూడా తొక్కాడు. ఆ అదురుకు సీటు కిందనుంచి గలగలమంటూ దొర్లుకొచ్చి అతని బూటుకు తగిలి ఆగింది, మూత వదులైన ఖాళీ జామ్ సీసా.

"ఇదేమిటి?"

"నాదే," అంది లోర్నా కిటికీ బయటికి చూస్తూ. "సముద్రం నీళ్ళు ఇంటికి తెచ్చుకుందామని."

డువేన్ వంగి సీసాను చేతిలోకి తీసుకున్నాడు. ఏదో ఒకటి అనేలోపే మెర్ల్ తలుపు తీసి, ఇద్దరినీ చర్చి హాల్లో భోజనానికి లాక్కుపోయాడు.

జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు, పంది మాంసం ముక్కలు, వణికే ఆకుపచ్చ జెల్లీ. డువేన్ మొదటి ముద్ద ఎత్తాడో లేదో, మెర్ల్ చెంచాతో గ్లాసు మీద కొట్టాడు. "అయోవా నుంచి వచ్చిన ఎవరెట్ ఆప్తులు రెండు మాటలు చెబుతారు!"

డువేన్ లేచాడు. నోరు తెరిచాడు. మూశాడు. లోర్నా అతని చొక్కా పట్టి కూర్చోబెట్టి తను లేచింది.

"నాకు మాట్లాడ్డం అలవాటు తప్పింది," అంది. హాల్లో చిన్నగా నవ్వారు. "ఆయన బండి ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. ముట్టుకున్నాక కాదు, ముందు. ఇంజనులో రవ్వంత తేడా వస్తే పట్టేసే చెవి ఆయనది. పక్క సీట్లో మనిషి గొంతులో తేడా వస్తే మాత్రం వినబడేది కాదు. ఆ బండి అంటే పక్క సీటుకు ఈర్ష్యగా ఉండేది." ఆగి, గుక్క తిప్పుకుంది. "కానీ మంచు పడ్డ ప్రతి పొద్దునా పెళ్ళాం కంటే ముందు లేచేవాడు. ఆమె బండి అద్దం మీద మంచు గీకి, ఇంజను వెచ్చబెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకు కూర్చునేవాడు. ఆయన మాట్లాడడమంటే అదేనని నాకు తెలుసు. అప్పుడప్పుడూ నోటితో కూడా మాట్లాడి ఉంటే బాగుండేది. అంతే."

తన సంగతి అంతా "ఉండేవాడు", "చేసేవాడు" అని చెబుతుంటే బతికుండగానే వినడం డువేన్‌కు అదే మొదటిసారి. హాలు హాలంతా ముక్కు చీదుకుంటోంది. "అచ్చం ఎవరెట్టే!" అన్నాడు మెర్ల్ రుమాలులోంచి.

బయటికొచ్చి బండెక్కబోతుంటే జెనీవా రేకు కాగితంలో చుట్టిన మాంసం, కేకు ముక్కలు తెచ్చి లోర్నా చేతిలో పెట్టింది.

"చేతులు కడుక్కోవడమా? మా ఎవరెట్ అన్నానికి కూడా కడుక్కునేవాడు కాదమ్మా."

డువేన్ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. "మీకు ముందే తెలుసా?"

"శ్మశానం దగ్గరే తెలిసింది బాబూ. ఆటోమేటిక్ గేరు బండివాడితో మా ఆయన జన్మలో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు."

"మరి ఊరుకున్నారేం?"

"ఆయన కోసం ఎవరో అంత దూరం నుంచి వచ్చారనుకుంటే బాగుంది. ఉండనిద్దామనుకున్నా." ఆవిడ లోర్నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పింది ఈయన గురించేగా? నేనూ ఇలాంటి మాటలు దాచుకున్నానమ్మా, తీరిగ్గా చెబుదామని. నీ మాటలు వినడానికి ఈయన ఉన్నాడు."

బండి పెద్దరోడ్డెక్కింది. డువేన్ జామ్ సీసాను సీటు కింద పెట్టలేదు, గుడ్డలో చుట్టలేదు. ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాడు.

"మీ అక్క మోకాలు..." అన్నాడు. "మొదట్నుంచీ చెప్పు."

లోర్నా మొదట్నుంచీ చెప్పింది. డాక్టరు దగ్గర మొదలుపెట్టి, ఆసుపత్రి అన్నం మీదుగా, బావగారి పిసినారితనం దాకా వచ్చేసరికి నార్త్ ప్లాట్ బస్‌స్టాండు ఎదురుపడింది, వెనక్కి వెళ్ళిపోయింది. ఇద్దరి మధ్యా సీసా ఆగకుండా గలగలమంటూనే ఉంది.

"ష్," అంది లోర్నా, సీసాతో.