ప్రెసిడెంటు ఇంటికి అమ్మ వచ్చింది

ఆ ఉదయం పంచాయతీ ప్రెసిడెంటు నాగప్పకు ఉన్న పని ఒక్కటే. ఎనిమిదింటికి చావడి ముందు నిలబడి, అందరికంటే ముందు తాను మశూచి టీకా వేయించుకోవాలి. నందికొట్కూరు వైపు జబ్బు పాకుతోంది. ప్రెసిడెంటు చేయి చాపితే తప్ప తాము చాపమని ఊళ్లోని నేతగాళ్లంతా భీష్మించారు. నాగప్పకేమో సూదంటే ప్రాణభయం. ఆ సంగతి బయటపడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు.

ఆయన తలకు రుమాలు చుట్టుకుంటుండగా, ఈ ఊరు ఇంతవరకు తొక్కని తల్లి చౌడమ్మ రాజంపేట నుంచి మూటతో దిగింది. భయాన్ని మాతృభక్తిగా మార్చుకోవడానికి నాగప్ప మనసుకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఒరే హనుమన్నా, మాయమ్మ వచ్చింది, ఇయ్యాల రాలేనని చెప్పుపో" అని తలారిని తరిమాడు.

ప్రెసిడెంటు తల్లిని పట్టుకుని "వాళ్లమ్మ" అనడం హనుమన్నకు మర్యాదగా తోచలేదు. చావడి దగ్గర చేతులు కట్టుకుని, "అప్ప రాలేడు. ఇంట్లోకి అమ్మ వచ్చిండాది" అన్నాడు.

మశూచిని పేరు పెట్టి పిలవడానికి జడిసి "అమ్మ" అనే ఊరది. జనం బిగుసుకుపోయారు.

"ప్రెసిడెంటునే ఇడిసిపెట్టలేదంటే మనమెంతప్పా!" అంటూ నేతగాడు బొజ్జన్న చొక్కా చేయి పైకి లాగాడు. టీకాలు వేయడానికి వచ్చిన లేవి ముందు తోపులాట మొదలైంది.

ఆడవాళ్లు నాగప్ప గడపలో వేపమండలు, పెరుగన్నం పెట్టి దూరంగా జరిగి దండాలు పెట్టారు. అలికిడికి చౌడమ్మ బయటికి వచ్చింది.

"ఎవురికమ్మా ఇదంతా?"

"అమ్మకు, తల్లీ. సల్లగా సూడమని."

"నాకా! శానా మంచోళ్లమ్మా మీరు" అని చౌడమ్మ అక్కడే కూర్చుని ముద్ద కలిపింది.

"అమ్మే మనిషి రూపంలో వచ్చి తింటాండాదే!" అని ఆ ఆడవాళ్లలో తిమ్మమ్మ కెవ్వున అరిచింది.

ఊరు ఊరంతా తప్పెట్లతో వచ్చి పడింది. వెనకాలే సూదితో లేవి. ఎవరో చౌడమ్మ కాళ్లకు పసుపు పూస్తుంటే నాగప్ప ఇక ఉండబట్టలేక బయటికి దూకాడు.

"ఆయమ్మ మాయమ్మ! నన్ను కన్నతల్లి! రాజంపేట బస్సులో వచ్చిండాది!"

తప్పెట్లు ఆగిపోయాయి. లేవి మెల్లగా, "ఊర్లో అందరికీ అయిపోయిందప్పా. నువ్వొక్కడివే మిగిల్నావు" అన్నాడు.

"ఇంత మందికయిందా? నీకెందుకు కాలేదురా?" అని చౌడమ్మ ఎంగిలి చేత్తోనే కొడుకు మణికట్టు పట్టేసింది. నాగప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి టీకా పడిపోయింది.

అప్పుడు బొజ్జన్న తొడ చరిచాడు. "సూస్తిరా! మనల్ని టీకాలకు తోలడానికే ఇంత ఉపాయం పన్నినాడు. మనందరికీ అయినంక తాను ఏసుకున్యాడు. లీడరంటే ఇట్లుండల్ల!"

నాగప్ప కాదనబోయాడు గాని, మళ్లీ మొదలైన తప్పెట్ల మోతలో ఆ మాట ఎవరికీ వినిపించలేదు. మధ్యాహ్నానికి ఊరంతా బొజ్జన్న మాట నమ్మింది. సాయంత్రానికి నాగప్ప కూడా నమ్మాడు.