పదింటికి ఆపిన సర్వరు

నీటి సరఫరా కార్యాలయంలో కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆఫీసరు ఆ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యకు తన పథకం వివరించాడు. ఆఫీసులో పద్నాలుగేళ్ల నాటి సర్వరు ఒకటుంది. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసినవాళ్లే ఐదేళ్ల కిందట చేతులు దులుపుకున్నారు. అందులో నడిచే పనులన్నీ కొత్త సర్వరుకు మార్చాలి. మార్చాలంటే ముందు ఆ పనులేమిటో తెలియాలి. దాన్ని పెట్టినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. అన్ని విభాగాలకూ మూడుసార్లు లేఖలు రాస్తే ఒక్కరే జవాబిచ్చారు, "ఏ సర్వరు?" అని.

"అందుకని ఇవాళ పదింటికి ఆపేస్తాను. ఎవరికి కావాలో వాళ్లే కేకలేసుకుంటూ వస్తారు. జాబితా రాసుకుంటాను," అన్నాడు.

ఇవాళ పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు కదా అని ఆవిడ గుర్తుచేసింది. వాళ్లొచ్చేది పదకొండుకని, ఆలోగా మళ్లీ ఆన్ చేసేస్తానని చెప్పి బయల్దేరాడు.

సరిగ్గా పదింటికి సర్వరు గదిలోకి వెళ్లి మీట నొక్కాడు. ఫ్యాన్లు కాసేపు మూలిగి ఊరుకున్నాయి. బయటికి రాగానే వెనకాల తలుపు టక్కుమని పడింది. వరండాలో కుర్చీ వేసుకుని, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చీమ చిటుక్కుమనలేదు. ఎప్పుడూ చెవికొక ఫోనుతో కనిపించే రిసెప్షనిస్టు ఆ రోజు టీ వేడిగా ఉండగానే తాగుతోంది. ఆయన పుస్తకంలో "ఎవరూ వాడటం లేదు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. మూడు నెలల పని ఒక్క మీటతో తీరిపోయినందుకు నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ శుభవార్త మేనేజరు మేడమ్‌కు చెబుదామని గోడ మీది ఫోను ఎత్తాడు. ఉలుకూ పలుకూ లేదు. పక్క గదిలోదీ అంతే. అప్పుడు అర్థమైంది. ఆఫీసు ఫోన్లన్నీ ఆ సర్వరు మీదే నడుస్తున్నాయి. జనం పంపే ఫిర్యాదులూ దాని గుండానే వస్తాయి. ఊళ్లోవాళ్లు కేకలు వేస్తూనే ఉన్నారు, వినపడటం లేదంతే.

పరుగున వెళ్లి సర్వరు గది తలుపు దగ్గర కార్డు పెట్టాడు. తెరుచుకోలేదు. ఆ కార్డు ఎవరిదో చూసి తలుపు తీసేది కూడా లోపల నిద్రపోతున్న సర్వరే.

ఆఫీసులో తలుపులూ తాళాలూ చూసేది ఆయన బావమరిది. సంచీతో వచ్చి తలుపు మీద ఆప్యాయంగా తట్టాడు.

"నేనే బిగించాను బావా. ఏనుగు గుద్దినా కదలదు."

"గొప్పలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఊడదియ్యి."

"మేడమ్ సంతకం లేందే ముట్టుకోకూడదు. ఆ రూలు పెట్టించింది నువ్వే."

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ ఆయన కాగితం రాసుకుని మేడమ్ గదికి పరుగెత్తాడు. తనిఖీ సంఘం ముందే వచ్చేసింది. కిందటిసారి ఈ ఫోన్ల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడలేదని, ఇవాళ వచ్చి అరగంటైనా ఒక్కటీ మోగలేదని సంఘం అధ్యక్షుడు ఆశ్చర్యపోతున్నాడు. కారణం మేడమ్‌కూ తెలియదు. అయినా ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నే మనిషి కాదు. గుమ్మంలో ఆయన్ను చూసి, ఇదంతా మా సిస్టమ్స్ ఆఫీసరుగారి చలవేనంది.

"ఏం చేశారేమిటి?" అన్నాడు అధ్యక్షుడు.

అబద్ధమాడటం ఆఫీసరుకు చేతకాదు. "పదింటికి ఆపేశానండి."

"ఫిర్యాదులన్నీనా?"

"అన్నీ ఆ పాత సర్వరులోంచే వస్తున్నాయని నాకూ తెలీదండి."

"మూలం పట్టుకున్నారన్నమాట. మళ్లీ ఎవరైనా దాన్ని కదిలిస్తే?"

"ఇప్పుడు దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేరండి. నేనైనా సరే."

"భద్రత కూడా," అంటూ పక్కనున్న సభ్యుడు రాసుకున్నాడు.

ఆ సందడిలో మేడమ్ కాగితం చదవకుండానే సంతకం పెట్టింది. బావమరిది బందులు ఊడదీసేసరికి ఒంటిగంటయింది, సంఘం కారెక్కి వెళ్లిపోయింది. సర్వరు మూలుగుతూ లేచి కూర్చోవడానికి ఇంకో నలభై నిమిషాలు తీసుకుంది. ఆ వెంటనే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. సాయంత్రానికల్లా ఆయన పుస్తకంలో పదిహేడు పనుల జాబితా తయారైంది. తిట్లు విడిగా రాయలేదు.

మర్నాడు జరిగింది జరిగినట్టు రెండు పేజీల్లో రాసి సంఘానికి పంపించాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు ఉత్తర్వు వచ్చింది. ఆయన లేఖలోని వినయాన్ని సంఘం మెచ్చుకుంది. అంతటి సర్వరును మార్చే ప్రయత్నం వెంటనే మానుకోవాలంది. మిగతా నాలుగు శాఖల్లోనూ అలాంటి సర్వర్లే, అదే ఆపరేటింగ్ సిస్టమ్‌తో, నెలలోగా పెట్టాలంది.

ఆయనిప్పుడు ప్రమోషన్ మీద పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరుగుతున్నాడు.