నాలుగున్నర సెకన్ల పిడుగు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న రోడ్డు ఉండేది. ఆ చిన్న రోడ్డు మీద నలభై మూడు స్పీడ్ బ్రేకర్లు ఉండేవి.

ప్రమాదాలు జరుగుతాయని వేసినవి కావవి. అడవి పంచాయతీకి ఎవరు మెంబరైనా సరే, ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడే తన గుహ ముందో పొద ముందో ఒక స్పీడ్ బ్రేకర్ వేయించుకునేవారు. పదవి పోయినా బ్రేకర్ పోదు. ఎత్తు హోదాను బట్టి ఉండేది. మెంబరుకు బెత్తెడు, ఉపాధ్యక్షుడికి జానెడు, అధ్యక్షుడికి మూరెడు.

ఈ నలభై మూడింటి మీదుగా రోజూ బండి లాగేది గాడిద గంటన్న. జ్వరమొచ్చిన జింకనైనా, కాలు విరిగిన కుందేలునైనా బండిలో వేసుకుని కొండ అవతల ముంగిస వైద్యుడి దగ్గరికి చేర్చడం అతని ఉద్యోగం. పదహారేళ్లు అదే పని చేశాడు. మోకాళ్లు అరిగిపోయాయి. బ్రేకర్ ఎక్కేటప్పుడు కుడిది కలుక్కుమనేది, దిగేటప్పుడు ఎడమది కలుక్కుమనేది.

అలాంటి రోజుల్లో పంచాయతీ ఒక తీర్మానం చేసింది. రోగుల కోసం ఒక ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనాలి.

"డ్రైవరు ఎవరో కాదు, మన గంటన్నే!" అన్నాడు అధ్యక్షుడు వరాహప్ప. అడవిపంది అయినా మనసు మంచిదే, సభలో ఉన్నంతసేపూ.

ఆ మాట విన్నప్పటి నుంచీ గంటన్నకు గడ్డి రుచి తెలియలేదు. పదహారేళ్లు బండి ముందు నడిచినవాడు ఒక్కసారి బండి లోపల కూర్చుని వెళ్లాలని ఎంత ఆశపడతాడో బండిలో కూర్చుని పుట్టినవాళ్లకు చెబితే అర్థం కాదు.

పోటీకి రెండు బండ్లు వచ్చాయి. నక్క మల్హరి తెచ్చిన బండి పేరు పిడుగు. ఎర్రగా, నేలకు అతుక్కుని నిగనిగలాడుతోంది. ఎలుగుబంటి భల్లమ్మ తెచ్చిన బండి పేరు బలరాం. బూడిద రంగులో, ఎత్తుగా, పెళ్లికొచ్చి భోజనం కోసం ఎదురుచూస్తున్న మేనమామలా నిలబడింది.

పరీక్షను చదును బండ దగ్గర ఏర్పాటు చేశారు. అడవి మొత్తం మీద స్పీడ్ బ్రేకర్ లేని చోటు అదొక్కటే. అక్కడ ఎవరూ కాపురం ఉండరు మరి.

సాంకేతిక కమిటీ అంటే చిరుతపులి మచ్చలయ్య. అతనికి మోటార్ల గురించి ఏమీ తెలియదు. కానీ వయసులో ఉన్నప్పుడు బాగా పరిగెత్తేవాడు కాబట్టి వేగం విషయంలో అతని మాటకు తిరుగులేదు. మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని, చేతిలో ఫారం పట్టుకున్నాడు. ఫారంలో ఒకే గడి ఉంది. సున్నా నుంచి నూరుకి ఎన్ని సెకన్లు?

పిడుగు చప్పుడు లేకుండా కదిలి కనుమూసి తెరిచేలోగా అవతల తేలింది.

"నాలుగున్నర!" అని అరిచాడు మచ్చలయ్య.

"అధ్యక్షా, మీరు ఆవలించడం మొదలుపెట్టి నోరు మూసేలోగా నూరు కిలోమీటర్ల వేగం!" అన్నాడు మల్హరి.

బలరాం బయల్దేరింది. మెంబర్లు ఇద్దరు ఆవలించారు, ఒకరు గోక్కున్నారు. తొమ్మిది సెకన్లు.

"మాది కాస్త నిదానమే బాబూ, కాదనను," అంది భల్లమ్మ. "కానీ పొట్ట నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. పదిమందిని కుక్కినా మూలగదు. మన రోడ్డు సంగతి చూసుకోండి మరి."

"పొట్ట ఎత్తు మా ఫారంలో లేదమ్మా," అన్నాడు మచ్చలయ్య.

"ఫారంలో లేకపోయినా రోడ్డు మీద ఉంది కదయ్యా!"

"రోడ్డు మా కమిటీ పరిధిలోకి రాదు."

అందరూ టీకి లేచినప్పుడు గంటన్న మెల్లగా పిడుగు దగ్గరికి వెళ్లి, దాని పొట్ట కింద గిట్ట పెట్టి కొలిచాడు. బెత్తెడు. అతనికి అధ్యక్షుడి ఇంటి ముందున్న మూరెడు గుర్తొచ్చింది. నలభై మూడింటి ఎత్తూ అతని మోకాళ్లకు కంఠతా వచ్చు. ఈ బండి ఈ అడవిలో నడవదని ఆ క్షణంలో తెలిసిన జీవి అతనొక్కడే.

చెబుదామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో మల్హరి తలుపు తీసి, "డ్రైవరు గారూ, ఒక్కసారి కూర్చుని చూడండి," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక గంటన్నను ఎవరూ గారూ అనలేదు. కూర్చున్నాడు. సీటు మెత్తగా ఉంది. ఎక్కడి నుంచో చల్లటి గాలి వచ్చి నేరుగా రెండు మోకాళ్ల మీదా వాలింది.

ఇప్పుడు అడ్డం చెబితే మళ్లీ టెండరు, మళ్లీ కమిటీ. అప్పటిదాకా ఈ మోకాళ్లు ఆగుతాయా? గంటన్న తెరిచిన నోరు మూసుకున్నాడు. మల్హరి కూడా ఆ నోటినే కనిపెట్టి చూస్తున్నాడు.

పిడుగు గెలిచింది.

ప్రారంభోత్సవం అధ్యక్షుడి వాకిట్లో పెట్టారు. మల్హరి బండిని రోడ్డు మీదుగా తేకుండా, తెల్లవారకముందే వెనక బాట గుండా తెచ్చి నిలబెట్టాడు. కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇక పాత బండితో పనేముందని దాన్ని విరగ్గొట్టి, ఆ కట్టెలతోనే బూరెలు వండారు.

వరాహప్ప స్పీడ్ బ్రేకర్‌కొకటి చొప్పున నలభై మూడు బూరెలు తిన్నాడు. నలభై నాలుగోది చేతిలో ఉండగా కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

"అమ్మో, చచ్చాన్రోయ్! వైద్యుడు! ముంగిస వైద్యుడు!"

"తొలి రోగి మన అధ్యక్షుల వారే!" అని మెంబర్లు చప్పట్లు కొట్టారు.

వరాహప్పను వెనక సీట్లో పడేశారు. గంటన్న ఠీవిగా ముందు కూర్చున్నాడు. బండి పది గజాలు పోయి, అధ్యక్షుడి సొంత స్పీడ్ బ్రేకర్ ఎక్కి, అక్కడే కూర్చుంది. పొట్ట దిబ్బ మీద ఉంది, నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నాయి.

"తొక్కు గంటన్నా, తొక్కు!" అని కేక వేశాడు వరాహప్ప.

గంటన్న తొక్కాడు. చక్రాలు గాల్లో గిర్రున తిరిగాయి. మీటరు ముల్లు సున్నా నుంచి నూరుకి దూకింది. మచ్చలయ్య స్టాప్‌వాచ్ నొక్కాడు.

"నాలుగు పాయింట్ రెండు! రికార్డు! సొంత రికార్డు బద్దలు కొట్టింది!"

"నా కడుపు బద్దలవుతోందిరా!" అన్నాడు వరాహప్ప.

మల్హరి వంగి కిందికి చూశాడు. "బ్యాటరీకి దెబ్బ తగిలింది. ఇక ఆన్ చేస్తే వారంటీ పోతుంది. ఆఫ్ చేసి ఎంత దూరమైనా వాడుకోవచ్చు."

పాత బండి అప్పటికే బూరెల పొయ్యిలో బూడిదైపోయింది. అందరూ ఒక్కసారి గంటన్న వైపు చూశారు. ఎవరో తాడు తెచ్చారు.

బూరెలకని వచ్చిన భల్లమ్మ ప్రతి బ్రేకర్ దగ్గరా బండిని వెనక నుంచి ఎత్తింది. గంటన్న ముందు నుంచి లాగాడు. పాత బండి కొయ్యది, తేలిక. ఇది ఇనుము, లోపల పంది. ముప్ఫయ్యో బ్రేకర్ కుదుపుకే వరాహప్ప కడుపు ఖాళీ అయిపోయింది, హాయిగా కునుకు తీశాడు. ముంగిస వైద్యుడికి చేయడానికి పనే మిగల్లేదు.

మరుసటి వారం పంచాయతీ సమీక్షించింది. ఇన్ని రోజులు తిరిగినా బండిలో ఛార్జింగ్ ఒక్క గీత కూడా తగ్గలేదని మల్హరికి శాలువా కప్పారు. ఇంత వేగం గల బండి అడవిలో తిరగడం ప్రమాదకరం కాబట్టి స్పీడ్ బ్రేకర్లన్నీ ఇంకో బెత్తెడు పెంచాలని తీర్మానించారు. గంటన్నకు డ్రైవరు టోపీ ఇచ్చారు. దాన్ని తాడు కట్టే వేళకు తప్పకుండా పెట్టుకోవాలి.

సాయంత్రం టోపీతో, తాడుతో కొండ ఎక్కుతున్న గంటన్న పక్కన భల్లమ్మ కాసేపు నడిచింది.

"ఆ రోజు గిట్ట పెట్టి కొలిచావు కదయ్యా. నేను చూశాను. మరి నోరు విప్పలేదేం?"

గంటన్నకు సిగ్గేసింది. టోపీ సవరించుకుని నేల వైపు చూస్తూ, "సీటు మెత్తగా ఉందక్కా," అన్నాడు.

తర్వాతి బ్రేకర్ వచ్చింది. ఆమె వెనక్కి వెళ్లి ఎత్తింది, అతను ముందుకు వంగి లాగాడు. కుడి మోకాలు కలుక్కుమంది.

నీతి: ఎంత వేగంగా పోయే బండినైనా నిశ్చింతగా కొనండి, నోరు మూసుకున్న గాడిద ఒకటి దగ్గరుంటే చాలు.