వీరవేణి టీచరుకు వీడ్కోలు సభ

పరీక్షలు అయిపోయాయి. వేసవి సెలవులకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజుల్నీ వృథా పోనివ్వకూడదని వీరవేణి టీచరు సోమవారం ఉదయం బడికి వస్తూనే నిశ్చయించుకుంది. ద్రాక్షారామానికి దగ్గర్లో, కాలువ గట్టున ఉన్న ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల అది. సోమవారం గోడల మీది చార్టులు దింపి, గీసిన పిల్లలకే ఇచ్చేయాలి. మంగళవారం బీరువా ఖాళీ చేసి దులపాలి. బుధవారం ప్రతి ఒక్కరూ, జూన్‌లో తమ తరగతికి రాబోయే పిల్లలకు ఒక ఉత్తరం రాయాలి. గురువారం ఆఖరి పనిదినం. ఉత్తరాలు చదివించి లడ్డూలు పంచాలి.

ఇన్ని పనులు పెట్టుకున్నా ఆవిడ మనసు ఒక అంకె మీదే ఉంది. ఐదో తరగతి వాళ్ళు వెళ్ళిపోగా జూన్‌కు మిగిలేది పన్నెండు మంది. గురువారం నాటికి ఇరవై పేర్లు లేకపోతే బడిని కాలువ అవతలి ఊరి బడిలో కలిపేస్తామని మండల విద్యాధికారి ఉదయభాస్కర్ గారు చెప్పేశారు. ఆవిడా, హెడ్‌మాస్టరు సూర్యప్రకాశం గారూ నెల రోజులుగా ఇల్లిల్లూ తిరిగారు. అందరూ మజ్జిగ ఇచ్చారు గానీ ఒక్కరూ పిల్లల్ని ఇవ్వలేదు. ఊళ్ళో సగం మంది పిల్లలు ప్రైవేటు స్కూలు వ్యానెక్కి పోతున్నారు.

చార్టులు ఇళ్ళకు చేరాయి. బీరువాలోని పుస్తకాలు ఆవిడ అట్టపెట్టెల్లో సర్దడం రోడ్డున పోయేవాళ్ళు చూశారు. బుధవారం మధ్యాహ్నం నాలుగో తరగతి పావని తన ఉత్తరాన్ని మామ్మ శ్యామలాంబకు చదివి వినిపించింది.

"మా టీచరుగారు చాలా మంచివారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటే కోపం వచ్చినట్టు. అప్పుడు ఎవరూ మాట్లాడకండి. ఆవిడని బాగా చూసుకోండి."

"ఎవరికే ఈ ఉత్తరం?"

"కొత్త పిల్లలకి మామ్మా."

శ్యామలాంబకు చార్టులు గుర్తొచ్చాయి, అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. పైగా బదిలీల కాలం. ఆవిడ తిన్నగా కొబ్బరితోటల పల్లంరాజు ఇంటికి వెళ్ళింది. ఆయన వెంటనే హెడ్‌మాస్టరుకు ఫోన్ చేశాడు.

"ఏంటండీ మాస్టారూ, వీరవేణి గారికి బదిలీ అయిందంటగా?"

సూర్యప్రకాశం గారికి ఆ సంగతి తెలియదు. తెలియదని చెప్పడం హెడ్‌మాస్టరు హోదాకు తగదనిపించింది. ఎనిమిదేళ్ళుగా పక్క గదిలో పాఠాలు చెబుతున్న మనిషి తనకు మాటమాత్రం చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుందని మనసు కష్టపడింది కూడా.

"వెళ్ళేవాళ్ళని మనం ఆపకూడదండి" అన్నారు.

"అలా ఎలా పంపేస్తామండీ? రేపు బళ్ళోనే సన్మానం పెడదాం. మీ విద్యాధికారి గారినీ పిలవండి. మొహం మీదే అడిగేస్తాను."

గురువారం లడ్డూల డబ్బాతో వచ్చిన వీరవేణికి బడి ముందు షామియానా, సన్నాయి మేళం కనిపించాయి. ఎవరి పెళ్ళికో బడి ఇచ్చేశారనుకుని పక్కనుంచి లోపలికి పోబోయింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడని పట్టుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, మెళ్ళో దండ వేశారు.

"ఇదేంటండీ?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతున్నారు చూడండి" అంటూ శ్యామలాంబ కళ్ళొత్తుకుంది. "చిన్నపిల్ల చేత అప్పగింతల ఉత్తరం రాయించి, మాకు చెప్పకుండా వెళ్ళిపోదామనే?"

"నేనెక్కడికీ వెళ్ళడం లేదండీ."

"మొహమాటం" అన్నారు సూర్యప్రకాశం గారు అటు తిరిగి. "నా దగ్గరా ఇంతే."

పల్లంరాజు మైకు అందుకున్నాడు. "ఈ బదిలీ ఆగాలంటే మేమేం చేయాలో చెప్పండి సార్."

ఏ బదిలీయో ఉదయభాస్కర్ గారికి అర్థం కాలేదు. ఊరందరి ముందూ ఆ మాట అనలేక, తనకు తెలిసిన సంగతి చెప్పారు. "పిల్లలు లేని బళ్ళో టీచర్ని ఎలా ఉంచమంటారండీ? ఇరవై మంది ఉండాలి. పన్నెండు మందే ఉన్నారు."

"ఇంతేనా? మాస్టారూ, రిజిస్టరు తెప్పించండి. మా మనవళ్ళిద్దర్నీ రాసుకోండి."

"వాళ్ళు వ్యాన్లో వెళ్తున్నారు కదండీ?"

"వ్యానుదేముందండీ, ఖాళీగా వెళ్తుంది."

రాజుగారు ఇద్దర్ని రాయించాక టిఫిన్ కొట్టు సత్యకుమారి తన కొడుకును రాయించింది. ఆవిడకు తగ్గడం ఇష్టం లేక తోడికోడలు ఇద్దర్ని రాయించింది. సన్నాయి ఆయన వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని, కూతురి పేరు చెప్పి, మళ్ళీ రాగం అందుకున్నాడు. బల్ల చుట్టూ జనం మూగారు. అంకె ఇరవై మూడు దగ్గర ఆగింది.

బడి నిలిచింది. నెల రోజుల బరువు వీరవేణి గుండె మీద నుంచి దిగిపోయింది. కానీ లేని బదిలీ పేరు చెప్పి పిల్లల్ని చేర్చుకోవడం ఆవిడకు నచ్చలేదు. మైకు దగ్గరకు వెళ్ళి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ముందు పిల్లలు, వాళ్ళను చూసి పెద్దలూ మాటలాపేశారు.

"అందరూ వినండి. నాకు బదిలీ లేదు. నేను ఇక్కడే ఉంటాను."

శ్యామలాంబ లేచి జనం వైపు తిరిగింది.

"చూశారా, మన పేర్లు చూసి అప్పుడే రద్దు చేసేశారు."

మేళం మిన్నంటింది. వీరవేణి ఇంకేదో చెప్పబోయింది గానీ ఎవరికీ వినపడలేదు. పల్లంరాజు ఒక పెద్ద దండ తెచ్చి విద్యాధికారి మెళ్ళో వేశాడు. ఎందుకో తెలియకపోయినా ఆయన వినయంగా తల వంచారు. ఇరవై మూడు పేర్ల కింద సంతకం పెట్టి, వెళ్ళబోతూ వీరవేణి దగ్గర ఆగారు.

"ఏడాది చివర్లో ఇంత పని చేసిన బడి మండలంలో ఇంకోటి లేదమ్మా. ఈ పద్ధతేంటో మిగతావాళ్ళకీ నేర్పాలి. మేలో శిక్షణ పెడతాను, మీరే చెప్పాలి."

ఆ శిక్షణకు మండలంలోని టీచర్లందరూ నోటుపుస్తకాలు తెరిచి, ఆవిడ ఏం చెబుతుందా అని ఎదురుచూశారు. ఆవిడా అదే ఆలోచిస్తోంది.