మకాన్ ఉపవాసం

సింగపూరులో చిన్నపిల్లల బడిలో చదువు చెప్పరు. ఇది పెద్దిరాజు అభిప్రాయం కాదు, జరుగుతున్న సంగతి. నాలుగేళ్ల మనవరాలు వర్షిత ఏడాదిగా ఆ బడికి వెళుతోంది. పలక లేదు, బలపం లేదు, ఎక్కం లేదు. రాలిన ఆకులు ఏరి రంగుల వరసలో పేరుస్తారు. వాన వెలిశాక గుంటలో నిలిచిన నీళ్లలో మబ్బును చూస్తారు. ఒకరోజు పొద్దుటి పూటంతా చీమల బారు పక్కన బోర్లా పడుకుని, అవి ఎటు వెళుతున్నాయో చూశారట. దానికి యూనిఫారం కూడా ఉంది.

పెద్దిరాజు భీమవరం పక్క పల్లెలో తాటాకు పాకలో చదివాడు. పాఠం మధ్యలో చీమను చూస్తే మాస్టారు చెవి మెలిపెట్టేవాడు. చదువంటే అది. భార్య సూర్యకుమారి పోయాక బుకిట్ పంజాంగ్‌లో కొడుకు ఫ్లాటుకు వచ్చాడు. వచ్చిన మర్నాడే వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నాడు. కోడలు శ్రీజ మంచిదే. ఆమె చారు మంచిది కాదు.

ఆ శనివారం అతను వేసుకున్న పథకం చిన్నది. పాయా లేబర్‌లో కూతురి దగ్గర ఉంటున్న సాంబమూర్తి, తారాదేవి భోజనానికి వస్తున్నారు. కార్తీకమాసం. ఆ దంపతులు ఉల్లి ముట్టరు, వెల్లుల్లి ఉన్న ఇంట్లో గట్టిగా గాలి కూడా పీల్చరు. పప్పుచారు, బెండకాయ వేపుడు, పెరుగు. అంతే.

అడ్డు ఒకటే. పొయ్యి పక్కన గట్టుమీద ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో కరివేపాకు రెమ్మలు, రెమ్మల మీద బొటనవేలంత ఆకుపచ్చ పురుగు. శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చింది. తరగతిలో పిల్లలంతా కలిసి పెంచుతున్న పురుగట. పొద్దస్తమానం తింటుంది కాబట్టి మకాన్ అని పేరు పెట్టారు. ఇక్కడ తిండిని మకాన్ అంటారు.

"పురుగుని పొయ్యి పక్కన పెట్టుకున్న ఇల్లు నేనెక్కడా చూళ్లేదమ్మా," అన్నాడు పెద్దిరాజు.

"బాల్కనీలో ఎండ మావయ్యగారూ. దానికి హీట్ పడదట," అంది శ్రీజ.

"నాకూ పడదు. నన్నెవరూ డబ్బాలో పెట్టి చూసుకోలేదు."

"తాతా, హీ ఈజ్ నాట్ పురుగు లా," అంది వర్షిత, ఈ ఊరి అలవాటులో మాట చివర లా తగిలించి. "హీ ఈజ్ మకాన్."

శ్రీజ అతన్ని పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పింది. ఇంట్లో ఇంత వాగే పిల్ల బడిలో ఏడాదిగా నోరు విప్పలేదు. ఒక్క మాట లేదు. ఒక్క మకాన్‌తోనే, అదీ గుసగుసగా మాట్లాడుతుందని నూర్ టీచర్ గమనించింది. అందుకే దాన్ని ఇంటికి పంపింది. సోమవారం పొద్దున వర్షిత తరగతి ముందు నిలబడి, సెలవుల్లో మకాన్ ఏం చేశాడో చెప్పాలి. చెప్పకపోతే పిల్లను డాక్టరుకు చూపించమని బడివాళ్లు అన్నారు.

"దానికేమైనా అయితే ఇంక నోరు విప్పదు మావయ్యగారూ. డబ్బా జాగ్రత్త."

శనివారం పొద్దున కొడుకు ఉదయ్‌కిరణ్, కోడలు పిల్లను తీసుకుని ఈత క్లాసుకు వెళ్లారు. పెద్దిరాజు పప్పు మెదిపి, చింతపండు పులుసు పోసి, మూకుడు పొయ్యిమీద పెట్టాడు. ఆవిరికి మసకబారుతుందని వంటప్పుడు కళ్లజోడు తీసేయడం అతనికి అలవాటు. నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి. ఫ్రిజ్‌లో కరివేపాకు లేదు. ఉన్నదంతా శ్రీజ ఆ పురుగుకే వేసింది. మనిషికి లేకుండా పురుగుకి.

డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు. రెమ్మలు విదిలించాడు. పురుగు కనిపించలేదు. దాన్ని కూడా ఈతకు తీసుకెళ్లి ఉంటారనుకున్నాడు. వీళ్లు తీసుకెళ్లగలరు. రెమ్మలన్నీ మూకుట్లో పడేశాడు.

చారు అద్భుతంగా కుదిరింది. సాంబమూర్తి మూడోసారి పోయించుకున్నాడు.

"రాజుగారూ, ఇది తాగాక మా ఆవిడ చారు మీద గౌరవం పోయిందండీ."

"పోతే పోయింది, మాట మీదైనా కాస్త అదుపు ఉంచుకోండి," అంది తారాదేవి.

"కరివేపాకు తీసి పారేసేవాడు మూర్ఖుడండీ," అంటూ సాంబమూర్తి ఆకులు ఏరి మరీ నమిలాడు. ఏదో కరకరలాడింది. "ఆహా! మీ ఆవిడగారి చేతికన్నా మీ చెయ్యే మేలు సుమండీ."

పెద్దిరాజు గరిటె గిన్నెలో పెట్టేశాడు. నాలుగోసారి పొయ్యలేదు.

అప్పుడు ఈత నుంచి వచ్చిన వర్షిత అతని చెవిలో నోరు పెట్టింది. కొత్తవాళ్ల ముందు ఆ పిల్ల పైకి మాట్లాడదు.

"తాతా, వేర్ ఈజ్ మకాన్?"

పెద్దిరాజు వంటింట్లోకి వెళ్లాడు. డబ్బాలో ఏమీ లేదు. చారు గిన్నెలోకి చూశాడు. అడుగున రెండు కాడలు. గుమ్మంలోంచి బల్ల వైపు చూశాడు. సాంబమూర్తి తృప్తిగా మూతి తుడుచుకుంటున్నాడు.

అతను కళ్లజోడు లేకుండానే మూత తెచ్చి డబ్బాకు బిగించాడు. మీద తువ్వాలు కప్పాడు.

"నిద్రపోతున్నాడు. సోమవారం దాకా మూత తియ్యకూడదు. తీస్తే కళ్లు పోతాయి."

"మకాన్‌వా, నావా?"

"ఇద్దరివీ."

అతిథులు వెళ్లగానే పెద్దిరాజు బయటపడ్డాడు. సోమవారానికి ఇంకో పురుగు కావాలి. పురుగులకేం లోటు? జీవితమంతా వాటిని చంపుతూనే ఉన్నాడు. ఆ అంతస్తు వరండాలో గుమ్మం గుమ్మానికి కుండీలున్నాయి. చివరి ఫ్లాటు ముందు నిలువెత్తు కరివేప మొక్క. అది బాలనాగమ్మది. ఆమె తాత నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. పెద్దిరాజు వంగి ఆకులు తిరగేస్తుండగా తలుపు తెరుచుకుంది.

"అలామక్! అయ్యో, అంకుల్, ఏం చేస్తారు? కరివేపాకు కావాలంటే తలుపు తట్టి అడగరా?"

"ఆకు కోసం కాదమ్మా. పురుగు కోసం."

"నా చెట్టుకు పురుగా?" బాలనాగమ్మ గొంతు పక్క బ్లాకు దాకా వెళ్లింది. "ముప్పై ఏళ్లుగా పెంచుతాను. ఒక్క పురుగు చూడలేదు. సుమ్మా, ఊరికే మాట అనేస్తారా?"

"ఉందనలేదమ్మా. ఉంటే బాగుండునని."

ఈ మాటతో ఆమెకు అనుమానం తీరలేదు, పెరిగింది. ఈ బ్లాకులో కరివేప మొక్కలకు పురుగు పట్టిందని, ఫలానా అంకుల్ స్వయంగా వెతుకుతున్నాడని ఫోనులో బ్లాకు గ్రూపుకు, తెలుగువాళ్ల గ్రూపుకు పెట్టింది. చీకటి పడేలోపు అన్ని అంతస్తుల వాళ్లూ సబ్బునీళ్లు, వేపనూనె కొట్టి ఆకు ఆకూ తుడిచేశారు. పెద్దిరాజు కింది నుంచి పై దాకా తిరిగాడు. బ్లాకంతా వేపనూనె వాసన. పురుగన్నది లేదు. పురుగు కావాలని బయల్దేరి ఉన్న పురుగులన్నిటినీ చంపించినవాడు అతనొక్కడే అయి ఉంటాడు.

ఆ తెలుగువాళ్ల గ్రూపులో తారాదేవి కూడా ఉంది. సాంబమూర్తి ఫోన్ చేశాడు.

"రాజుగారూ, చిన్న సందేహం. మధ్యాహ్నం చారులో కరివేపాకు ఎక్కడిదండీ?"

"ఎందుకండీ?"

"మా ఆవిడ కడుపులో ఏదో పాకుతున్నట్టుందంటోంది."

"మీకో?"

"నాకు నడుస్తోంది."

"గాలి అయ్యుంటుందండీ," అని పెద్దిరాజు ఫోన్ పెట్టేశాడు. ఆ దంపతులు తలస్నానాలు చేసి, ఆ పూట నుంచే కటిక ఉపవాసం పట్టారు.

ఆదివారం పొద్దున పెద్దిరాజు బ్లాకుల వెనక ఉన్న తోటకు వెళ్లాడు. చుట్టుపక్కల వాళ్లంతా కలిసి పెంచుకునే తోట అది. మూలన ఒక ముదురు కరివేప చెట్టు. దాన్ని ఎవరూ తుడవలేదు. అతను కళ్లజోడు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఒక ఆకు వెనక్కి తిప్పాడు.

ఆకు అంచున ఆవగింజంత లేత పసుపు గుడ్డు. ముత్యానికి కూడా అంత నునుపు ఉండదు. పక్క ఆకు మీద పిట్ట రెట్ట. చిటికెన వేలితో తుడవబోతే రెట్ట కదిలింది. పిట్టలు తినకుండా పురుగు పిట్ట రెట్ట వేషం వేసుకుంది. పెద్దిరాజు నోరు తెరిచాడు. మళ్లీ ముట్టుకున్నాడు. దాని తలలోంచి ఎర్రటి చిన్న కొమ్ములు రెండు బయటికి వచ్చాయి, పుల్లటి నారింజ వాసన గుప్పుమంది, కొమ్ములు లోపలికి పోయాయి. గోరంత జీవి అతని మీద కోపం తెచ్చుకుంది. ఎంత పెద్ద కోపమో, ఎంత చిన్న తలో!

కోపం దిగాక అది ఆకు తినడం మొదలుపెట్టింది. అంచు వెంట పై నుంచి కిందికి, మళ్లీ పై నుంచి కిందికి, కొడవలి పట్టినట్టు. చెవి దగ్గర పెడితే కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుందేమోనని అతను చెవి పెట్టాడు. ఎండ ఎక్కింది. మోకాళ్లు మొద్దుబారాయి. తెలియలేదు.

ఇది చూడు అని సూర్యకుమారితో అనబోయి పక్కకు తిరిగాడు. పక్కన బాలనాగమ్మ ఉంది.

దొంగను పట్టుకుందామని వెనకే వచ్చిందామె. అరవడానికి నోరు తెరిచి, ఆకు వైపు చూసి, మూసేసింది. ఆమె వెనక ఇద్దరు నిలబడ్డారు. ఈ ఊళ్లో ముగ్గురు ఒకరి వెనక ఒకరు నిలబడితే నాలుగోవాడు కారణం అడగడు, నిలబడతాడు. కాసేపటికి క్యూ తోట గేటు దాటింది. ముందుకు వచ్చినవాళ్లు తినడానికి ఏమీ లేదని చూసి మొహం ముడుచుకున్నారు. తరవాత వంగారు. వంగినవాళ్లు మాట్లాడకుండా లేచారు. కొందరు మళ్లీ వెళ్లి క్యూ చివర నిలబడ్డారు.

"బాగుస్ లా, ఎంత బాగుందో," అంది బాలనాగమ్మ మెల్లగా. "ముప్పై ఏళ్లుగా తుడిచేస్తున్నాను కదా దీన్ని."

సాయంత్రం పెద్దిరాజు ఆ రెట్ట పురుగును ఒక రెమ్మతో సహా తెచ్చి, ఎవరైనా చూస్తారని గాభరాగా డబ్బా మూత ఒక మూల లేపి లోపలికి జారవిడిచి మూసేశాడు. మకాన్ ఆకుపచ్చన, ఇది నలుపూ తెలుపూ. మకాన్ బొటనవేలంత, ఇది గోరంత. సోమవారం పొద్దున బడికి నడుస్తూ దానికి కూడా ఒక దారి చూశాడు.

"మకాన్ చిక్కిపోయాడమ్మా. రంగు కూడా తగ్గాడు. కార్తీకమాసం కదా, ఉపవాసం."

వర్షిత అతని వైపు చాలాసేపు చూసింది. బడిలో వెనకబడిన పిల్లల వైపు అలా చూస్తారు.

"మకాన్ డజంట్ ఫాస్ట్ లా, తాతా," అంది.

తరగతిలో పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చున్నారు. నూర్ టీచర్ తువ్వాలు తీసి, డబ్బాను వర్షిత ముందు పెట్టి, తను వెనక్కి జరిగింది. గుమ్మంలో శ్రీజ కొంగు కొస నలుపుతోంది. పెద్దిరాజు గోడకు ఆనుకున్నాడు. మూత తీస్తే అయిపోతుంది. వర్షిత పెదాలు బిగించుకుని ఉంది. ఈ పిల్ల ఇక మాట్లాడదు, కారణం నేను అనుకున్నాడు.

వర్షిత మూత తీసి వెల్లకిలా తిప్పింది.

మూత లోపలివైపు ఎండుటాకు చుట్టలాంటిది ఒకటి వాలి ఉంది. కింద అతుక్కుని, నడుముకు వెంట్రుకంత పట్టు దారం కట్టుకుని.

"దిస్ ఈజ్ మకాన్," అంది వర్షిత పైకి, గట్టిగా. శ్రీజ చేత్తో నోరు మూసుకుంది.

మనవరాలి ఇంగ్లీషు పెద్దిరాజుకు అలవాటే. ఆ పిల్ల చెప్పింది ఇది. శనివారం సాయంత్రమే నేను మూత తీసి చూశాను. మకాన్ పైకప్పు మీద బెల్టు కట్టుకుని పడుకున్నాడు. ఆదివారం ఆకుపచ్చ చొక్కా విప్పేశాడు. మా తాత కళ్లజోడు పెట్టుకోలేదు, అందుకని ఆయనకు కనపడలేదు. ఆయన చాలా చోట్ల వెతికాడు. మకాన్‌కు తమ్ముణ్ని కూడా తెచ్చాడు. మూత తీస్తే కళ్లు పోతాయన్నాడు. నా కళ్లు ఇక్కడే ఉన్నాయి.

పెద్దిరాజు గోడ వదిలి ముందుకు వంగాడు. "మరి నాకు చెప్పలేదేంటే?"

వర్షిత టీచర్ వైపు చూసింది. టీచర్ నవ్వింది. అది ఆ తరగతిలో నియమమట. ముందు చూసినవాళ్లు చెప్పేయకూడదు. పక్కవాడు తనంతట తాను చూసేదాకా ఆగాలి.

"యూ వర్ స్టిల్ లుకింగ్, తాతా," అంది వర్షిత.

పెద్దిరాజు చెప్పులు విడిచి చాప మీదికి వచ్చాడు. పిల్లలు జరిగి చోటిచ్చారు. అతని ఊపిరి తగిలి ఆ గోధుమరంగు చుట్ట ఒక్కసారి ఉలిక్కిపడింది. లోపల కాళ్లు లేవు, నోరు లేదు, నిన్నటి పురుగు లేదు. రేపటి రెక్కలు ఇంకా లేవు. అయినా లోపల ఎవరో ఉన్నారు. పెళ్లి మండపంలో కూడా అతను ఇంత నెమ్మదిగా కూర్చోలేదు.

బయటికి వచ్చాక ఫోన్ మోగింది. సాంబమూర్తి గొంతు బలహీనంగా ఉంది.

"రాజుగారూ, మొన్నటి నుంచి మంచినీళ్లేనండీ. మా ఆవిడ నెలాఖరు దాకా ఇలాగే ఉండాలంటోంది. మీ నోటితో నిజం చెప్పండి. ఆ చారులో ఏం లేదని ఒక్క మాట అంటే ఇప్పుడే విస్తరి వేసుకుంటాం."

ఒక్క మాట చాలు. పెద్దిరాజు దగ్గర ఆ మాట ఉంది. సూర్యకుమారి చేతి గురించి సాంబమూర్తి అన్న మాట కూడా ఉంది.

"మూర్తిగారూ, ఆ చారు గురించి నేను ఈ జన్మలో మాట్లాడనండీ," అని ఫోన్ పెట్టేశాడు.

ఎందుకు చెప్పలేదని తరవాత కొడుకు అడిగాడు, కోడలు అడిగింది, బాలనాగమ్మ తలుపు తట్టి మరీ అడిగింది. పెద్దిరాజు చెప్పలేదు. చెప్పడు.